మూసేద్దామనుకున్న పుస్తకాల దుకాణం: పద్నాలుగు నెలల కేస్ స్టడీ

"తూకానికి వేస్తే ఎంత వస్తుందో చెప్పు బాబూ, చాలు." పుస్తకాల దుకాణం నడిపే ఆవిడ నన్ను పిలిపించింది ఆ ఒక్క మాట అడగడానికే.

పాత పుస్తకాలు కొని అమ్మడం నా వృత్తి. 22 ఏళ్లుగా ఇదే పని. దాంతోపాటు ఇంకో బాధ్యత కూడా నా మీద పడింది. ఎవరైనా పుస్తకాల దుకాణం ఎత్తేస్తుంటే కబురు పెడతారు. వెళ్లి సరుకంతా చూసి, ఏది ఎవరికి అమ్ముడవుతుందో, ఏది కాగితం కింద పోవాల్సిందేనో లెక్క కట్టి ఇస్తాను. ఈ కేసుకు ముందు అలా 11 దుకాణాలకు వెళ్లాను. పదకొండూ మూతపడ్డాయి. పన్నెండోదాన్ని మాత్రం మూయొద్దని చెప్పాను. చెప్పి ఊరుకోలేక, పద్నాలుగు నెలలు వారానికి మూడు రోజులు అక్కడే పనిచేశాను. ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని చేసినవీ, చెడగొట్టినవీ కలిపి రాస్తున్నాను. దుకాణం పేరు, ఊరి పేరు ఆవిడ వద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

వెళ్లేసరికి ఉన్న పరిస్థితి

31 ఏళ్ల దుకాణం. భార్యాభర్తలు ఇద్దరే నడిపారు. సరుకు తెప్పించడం ఆయన పని, కౌంటరు ఆవిడది. ఆయన పోయి నాలుగేళ్లయింది. ముందు భాగమంతా కొత్త పుస్తకాలు. వెనక గోడకు మాత్రం ఒక అలమర నిండా పాత పుస్తకాలు. అది ఆయన ఇష్టంతో పెట్టుకున్నది. దుకాణం లెక్కల్లో దానికి విడిగా పద్దు కూడా లేదు.

"జనం చదవడం మానేశారు" అన్నారావిడ. ముందు చూసిన పదకొండు దుకాణాల్లోనూ ఇదే మాట విన్నాను. మొదటి రెండు మూడు చోట్ల నమ్మాను కూడా. ఇప్పుడు నమ్మను. అందుకే మొదటి వారం సరుకు జోలికి వెళ్లలేదు. తలుపు పక్కన స్టూలు వేసుకుని ఒక నోటు పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ఆరు రోజుల్లో 214 మంది లోపలికి వచ్చారు. 61 మంది ఏదో ఒకటి కొన్నారు. అట్టను ఫోన్‌లో ఫోటో తీసుకుని వెళ్లిపోయినవాళ్లు 48 మంది.

ఆ నలభై ఎనిమిది మందిలో ఒక కుర్రాడు నాకు బాగా గుర్తుండిపోయాడు. చరిత్ర పుస్తకాలు ఇష్టం, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదన్నాడు. ఆవిడ కౌంటరు వదిలి వెళ్లి, అతను ఇదివరకు ఏవేం చదివాడో అడిగి, మూడు పుస్తకాలు తీసి చూపించి, వాటిలో ఒకటి చేతిలో పెట్టారు. అతను నిలబడే ఇరవై పేజీలు చదివేశాడు. తర్వాత ఫోన్ తీసి ధర చూసుకున్నాడు. "ఇంటికే వస్తుందండీ, ఇంకా తక్కువకి" అని, థ్యాంక్స్ చెప్పి, పుస్తకాన్ని జాగ్రత్తగా తీసిన చోటే పెట్టి వెళ్లిపోయాడు. మర్యాద తెలిసిన పిల్లాడు. చదివేవాడు కూడా. పుస్తకం ఎంచి పెట్టిన పని ఈ దుకాణంలో జరిగింది. ఆ పనికి డబ్బు ఇంకొకరికి వెళ్లింది. ఈ కేసులో అసలు జబ్బు ఇదే.

కొత్త పుస్తకాల వ్యాపారం నడిచే తీరే అలాంటిది. ధర ప్రచురణకర్త వేస్తాడు. ఆ ధరలో కొంత కమిషన్ దుకాణదారుకి వస్తుంది. అద్దె, కరెంటు, జీతం అన్నీ అందులోంచే రావాలి. అన్ని రకాల సరుకూ అమ్మే పెద్ద సంస్థ ఆ కమిషన్‌లో సగం కొనేవాడికి వదిలేసినా ఇంకో సరుకు మీద రాబట్టుకోగలదు. పుస్తకాలు తప్ప ఇంకేమీ లేని చిన్న దుకాణానికి ఆ దారి లేదు.

కొన్ని దేశాలు ఈ సంగతి చాలాకాలం కిందటే గ్రహించాయి. బ్రిటన్‌లో 1900 నుంచి నెట్ బుక్ అగ్రిమెంట్ అని ఒక ఒప్పందం ఉండేది. ప్రచురణకర్త వేసిన ధర కంటే తక్కువకు ఎవరూ అమ్మకూడదు. 1995లో పెద్ద ప్రచురణ సంస్థలు ఒక్కొక్కటే దాన్నుంచి తప్పుకున్నాయి. 1997లో అది చెల్లదని తీర్పు వచ్చింది. అమెజాన్ పుస్తకాల అమ్మకం మొదలుపెట్టింది సరిగ్గా 1995 జూలైలోనే. బ్రిటన్, ఐర్లండ్ కలిపి ఆ ఏడాది పెద్ద సంస్థలకు చెందని స్వతంత్ర పుస్తక దుకాణాలు 1,894 ఉంటే, 2016 నాటికి 867 మిగిలాయి. ఫ్రాన్స్ దీనికి ఎదురు దారి పట్టింది. 1981లో చట్టం చేసి, కొత్త పుస్తకం మీద ఎవరైనా సరే 5 శాతానికి మించి తగ్గించకూడదంది. అక్కడి చిన్న దుకాణాలవాళ్లు ఇప్పటికీ ఆ చట్టాన్ని తమ గొడుగులా చూసుకుంటారు.

పెద్దగా ఉంటే తట్టుకోవచ్చనుకోవడం కూడా పొరపాటు. వందల దుకాణాలున్న అమెరికా పుస్తకాల సంస్థ బోర్డర్స్ 2011లో తుడిచిపెట్టుకుపోయింది. బ్రిటన్ లెక్క 2016 తర్వాత మెల్లగా పైకి లేచి, 2022 చివరికి 1,072కి చేరింది. మూయొద్దని చెప్పడానికి నాకున్న ధైర్యంలో కొంత ఆ అంకెదే.

ఈ దుకాణానికి ప్రత్యేకంగా ఇంకో దెబ్బ తగిలింది. అమ్ముడుపోని కొత్త పుస్తకాలను గడువులోగా ప్రచురణకర్తకు వెనక్కి పంపితే ఆ మేరకు బాకీ తీసేస్తారు. 1930ల ఆర్థిక మాంద్యంలో దుకాణాలు సరుకు తెప్పించడానికే భయపడుతుంటే అమెరికా ప్రచురణకర్తలు మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఆయన ఉన్నప్పుడు రిటర్న్స్ ఎప్పుడు కట్టి పంపాలో ఒక క్యాలెండర్ మీద రాసుకునేవారు. ఆయన పోయాక ఆ క్యాలెండర్ గోడ మీదే ఉండిపోయింది. గడువులు దాటిపోయాయి. ఎవరికీ అక్కర్లేని, వెనక్కీ పోని సరుకు నాలుగేళ్లుగా ముందు అరల్లో పేరుకుపోయింది. ఆవిడ దాన్ని "చదవడం మానేసిన జనం"గా చూశారు.

సరుకు పరీక్ష

మొత్తం ఆరు వేల పైచిలుకు పుస్తకాలు. ఒక్కోటీ చేతిలోకి తీసుకుని చూడటానికి తొమ్మిది రోజులు పట్టింది. ఎవరూ తొందరపడకూడని పని ఇది. వెన్ను చూసి లెక్కపెట్టడం వేరు, తెరిచి చూడటం వేరు.

మొదట ముక్కుకు పని చెప్పాలి. పాత పుస్తకం వాసన అందరికీ ఇష్టమే. కాగితంలోని సెల్యులోజ్, లిగ్నిన్ మెల్లగా విడిపోతూ గాలిలోకి వదిలే రసాయనాల వాసన అది. అందులో వనిల్లా పోలికలు ఉంటాయి. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2009లో ఆ వాసనను విశ్లేషించి, పుస్తకాన్ని ముట్టుకోకుండానే కాగితం ఆరోగ్యం పసిగట్టవచ్చని చూపించారు. మా వృత్తిలో అది రోజూ చేసే పనే. తియ్యటి పొడి వాసన వస్తే భయం లేదు. తడి మట్టి వాసన వస్తే ఆ అరను అక్కడికక్కడే ఖాళీ చేయాలి. ఇక్కడ బయటి గోడకు ఆనించి ఉన్న అలమర అడుగు అరలో ఆ రెండో వాసన వచ్చింది. మీటరు పెట్టి చూస్తే గాలిలో తేమ 72 శాతం. 65 దాటితే బూజుకు పండగే. బెత్తెడు సందు వదిలి అలమరను గోడ నుంచి ముందుకు లాగాం, అడుగున చెక్కలు పెట్టి ఎత్తు చేశాం. తేమ దానంతట అదే దిగింది. పైసా ఖర్చు లేని ఈ పని నాలుగేళ్ల ముందు చేసి ఉంటే 140 పుస్తకాలు దక్కేవి.

పాత పుస్తకాలు కొనేవాళ్లు తరచూ పడే పొరపాటు ఒకటుంది. ఎంత పాతదైతే అంత శిథిలంగా ఉంటుందనుకుంటారు. నిజానికి గుడ్డపీలికల గుజ్జుతో చేసిన 1800 నాటి కాగితం ఇవాళ్టికీ తెల్లగా, మెత్తగా ఉండొచ్చు. 19వ శతాబ్దం మధ్య నుంచి కర్రగుజ్జు వాడకం పెరిగింది. సిరా పీల్చకుండా పటిక, రోజిన్ అనే చెట్టు జిగురు కలిపేవారు. ఆ పటికే కాగితంలో ఆమ్లమై లోపల్లోపల తినేస్తుంది. అందుకే 1950ల నాటి చవక పేపర్‌బ్యాక్ మూల పట్టుకుంటే విరుగుతుంది. 1980ల నుంచి ఆమ్లం లేని కాగితం బాగా వాడుకలోకి వచ్చింది. ఇది తెలిస్తే కొనేటప్పుడు చేయి ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.

బైండింగ్ కూడా అంతే. 16 పేజీల ఫారాలు మడిచి దారంతో కుట్టిన పుస్తకం వెన్ను వదులైనా మళ్లీ నిలబెట్టవచ్చు. కేవలం జిగురుతో అంటించినది ఒకసారి విరిగితే పేజీలు చీట్లపేకలా రాలతాయి. వెన్ను పైభాగంలోంచి తొంగి చూస్తే ఫారాల మడతలు గుండ్రంగా కనిపిస్తాయి, లేదా నున్నగా కోసిన అంచు కనిపిస్తుంది. అర నిమిషం పని.

తొమ్మిదో రోజు రాత్రి తేలిన లెక్క: మూడో వంతు సరుకు ఎప్పటికీ కదలదు. మూడో వంతు సగం ధరకు కదులుతుంది. మిగిలింది మంచి సరుకు. ఇక వెనక అలమర. దుకాణంలో అది ఆక్రమించిన చోటు పదో వంతు కూడా లేదు. నేను తలుపు దగ్గర కూర్చున్న వారంలో జరిగిన 61 అమ్మకాల్లో 23 దాని నుంచే.

ఆ అంకె ఆవిడకు చూపించాను. చాలాసేపు దానివైపే చూశారు. "ఆయన ఆదివారాలు దాని ముందే కూర్చునేవారు. నేను దండగ అనేదాన్ని" అన్నారు.

ఎందుకు పాత పుస్తకాలు

పాత పుస్తకం దగ్గర ధర వేసే అధికారం దుకాణదారుది. కొనే ధరా, అమ్మే ధరా రెండూ తన చేతిలోనే ఉంటాయి. ఆ స్వేచ్ఛ చట్టం ఇచ్చింది. 1904లో అమెరికాలో ఒక ప్రచురణకర్త తన నవల మీద "ఒక డాలరు కంటే తక్కువకు అమ్మితే మా హక్కుకు భంగం" అని అచ్చువేశాడు. మేసీస్ దుకాణం 89 సెంట్లకు అమ్మింది. 1908లో అక్కడి సుప్రీంకోర్టు, ఒకసారి అమ్మిన ప్రతి మీద ప్రచురణకర్త ధర శాసించలేడని తేల్చింది. పాత పుస్తకాల వ్యాపారం అక్కడ ఆ సూత్రం మీదే నిలబడి ఉంది. ఈ-బుక్‌కు ఆ అదృష్టం లేదు. పాఠకుడి దగ్గరున్న ఈ-బుక్‌ను మళ్లీ అమ్మడానికి కాపీరైట్ యజమాని అనుమతి కావాలని 2019లో యూరోపియన్ న్యాయస్థానం చెప్పింది. చేతులు మారే గుణం కాగితం పుస్తకానిదే.

ఇంకో కారణం నాకు ఇంతకంటే ముఖ్యం. కొత్త పుస్తకం కావాలనుకున్నవాడికి దాని పేరు తెలుసు, కాబట్టి ఎక్కడైనా వెతుక్కోగలడు. పాత పుస్తకాల అలమర ముందు నిలబడ్డవాడికి తనకేం కావాలో తెలియదు. తెలియని పుస్తకాన్ని ఫోన్‌లో వెతకలేం. అది ఎదురుపడాల్సిందే.

అందుకని నేను వేసిన పథకం ఒక్కటే: దుకాణాన్ని తిరగేయడం. వెనక అలమరను ముందుకు తేవాలి, కొత్త పుస్తకాలను ఆవిడ స్వయంగా చదివి చెప్పగలిగిన నాలుగు వందలకు కుదించాలి. అన్నిటికంటే ముందు కొనుగోలు నేర్చుకోవాలి. పాత పుస్తకాల వ్యాపారంలో లాభనష్టాలు కొన్న రోజే తేలిపోతాయి. అమ్మిన రోజు అవి కంటికి కనిపిస్తాయి, అంతే.

కొనడం, వద్దనడం

ఆవిడకు అన్నిటికంటే కష్టమైంది వద్దనడం. ఎవరో చనిపోయిన తండ్రి పుస్తకాలు రెండు అట్టపెట్టెల్లో తెస్తారు. కళ్లలో నీళ్లుంటాయి. ఎలా కాదంటాం? మొదటి నెలలో ఆవిడ అన్నీ తీసుకున్నారు. నేను లేని రోజుల్లో వచ్చిన పెట్టెలు మెట్ల కింద పేర్చి ఉండేవి.

"అమ్మా, ఇవన్నీ తీసుకుంటే రేపు వచ్చే మంచి పెట్టెకు మన దగ్గర చోటూ ఉండదు, డబ్బూ ఉండదు" అన్నాను.

"ఆ అమ్మాయి మొహం నువ్వు చూడలేదు బాబూ."

నిజమే, చూడలేదు. అందుకే ఒక పద్ధతి పెట్టుకున్నాం. పెట్టె మొత్తాన్ని కాదనకూడదు. వాళ్ల ముందే ఒక్కో పుస్తకం తెరిచి చూడాలి, మనం తీసుకునేవి ఒక పక్క, తీసుకోనివి ఒక పక్క పెట్టాలి. తీసుకోనివాటికి కారణం ఒక్క ముక్కలో చెప్పాలి. తమ నాన్న పుస్తకాలను ఒకరు శ్రద్ధగా చూశారన్న తృప్తి వాళ్లకు మిగులుతుంది. పెట్టెలో ఎనభై ఉంటే పాతిక తీసుకున్నా ఎవరూ నొచ్చుకోలేదు. ఆవిడకు ఈ పద్ధతి నా కంటే బాగా పట్టుబడింది.

ధర మాట: మనం ఎంతకు అమ్ముతామనుకుంటామో అందులో నాలుగో వంతు నగదు. అదే మన దుకాణంలో పుస్తకాలుగా తీసుకుంటే సగం. నాలుగో వంతేనా అని కొందరికి కోపం వస్తుంది. కొన్న ప్రతి పదింటిలో మూడో నాలుగో అమ్ముడవ్వవని, మిగతావి నెలల తరబడి అద్దె చోటు తింటాయని విడమరిచి చెప్పాలి. దాచకూడదు.

అసలు తీసుకోకూడనివి కొన్ని ఉంటాయి. కాలం చెల్లిన మందుల మోతాదుల పుస్తకాలు, పాత పన్ను చట్టాల గైడ్లు, మారిపోయిన సిలబస్ పరీక్షల పుస్తకాలు. వీటిని ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దని గట్టిగా చెప్పాను. తెలియక కొన్నవాడికి నష్టం జరుగుతుంది. ఇక జనం కొండంత ఆశతో తెచ్చేవి ఎన్‌సైక్లోపీడియా సెట్లు. ఒకప్పుడు కష్టపడి వాయిదాల మీద కొన్నవి. బ్రిటానికా 32 సంపుటాల అచ్చు ప్రతిని ఆపేస్తున్నట్టు 2012లోనే ప్రకటించింది. తెచ్చినవాళ్లకు ఆ సంగతి చెప్పి, పిల్లలున్న ఇంటికి ఇచ్చేయమని నచ్చజెప్పేవాళ్లం.

తీసుకున్న ప్రతి పుస్తకం వెనక అట్ట లోపల పెన్సిల్‌తో కొన్న నెల, ఏడాది, కొన్న ధర గుర్తుగా రాయడం మొదలుపెట్టాం. పెన్సిలే, పెన్ను కాదు, స్టిక్కరు అసలే కాదు. స్టిక్కరు జిగురు ఏళ్ల తర్వాత కూడా మరక వదులుతుంది. ఆరు నెలలు కదలకపోతే ధర తగ్గించాలి, పన్నెండు నెలలకూ కదలకపోతే తీసేయాలి. మెత్తని పెన్సిల్ గీత ఒకటి దుకాణానికి ఇంత జ్ఞాపకశక్తి ఇస్తుందని చూస్తే తప్ప నమ్మరు.

పిట్టల పుస్తకం

మూడో నెలలో వచ్చిన ఒక పెట్టెలో పిట్టల గురించిన చేతిపుస్తకం ఒకటి ఉంది. 1960లలో అచ్చయింది. గుడ్డ అట్ట, కుట్టు బైండింగ్, రంగు బొమ్మలు. వెన్ను కింద కొస నలిగి దారాలు కనిపిస్తున్నాయి. పుటల అంచుల మీద తుప్పు రంగు చుక్కలు. తెరిస్తే, ప్రతి పిట్ట బొమ్మ పక్కనా నీలం సిరాతో చిన్న అక్షరాల్లో తేదీ, చూసిన చోటు. లకుముకి పిట్ట పక్కన ఏడు తేదీలు. వడ్రంగి పిట్ట పక్కన "చప్పుడే, పిట్ట కనబడలేదు" అని. కొన్నిచోట్ల ఆ రాతను పెన్సిల్‌తో వేరే చేయి దిద్దింది: "కాదు, అది ఆడ పిట్ట." దాని కింద మళ్లీ నీలం సిరా: "ఒప్పుకున్నాను." చివరి పేజీల్లో నీలం సిరా లేదు. పెన్సిల్ రాత ఒక్కటే ఉంది.

దీనికి ధర ఎలా వేయాలి? మా వృత్తిలో పుస్తకం స్థితిని చెప్పే మాటలకు వాటి లెక్క వాటికుంది. 'ఫైన్' అంటే దాదాపు కొత్తది. 'వెరీ గుడ్' అంటే కొద్దిగా వాడినది. 'గుడ్' అంటే మంచిదని కాదు, బాగా వాడేశారు కానీ పేజీలన్నీ ఉన్నాయని. రాతలున్న పుస్తకం ఈ మెట్లలో కిందికి దిగుతుంది. లెక్క ప్రకారం ఈ పిట్టల పుస్తకం శుభ్రమైన ప్రతిలో మూడో వంతు ధర చేయాలి.

నేను శుభ్రమైన ప్రతి ధరే వేశాను. ఇద్దరు మనుషులు ఏళ్ల తరబడి ఆకాశం కింద నిలబడి పోగేసిన సమాచారం అందులో ఉంది. అచ్చువేసినవాడు ఇవ్వలేనిది అది.

ఆ మధ్యకాలంలో ఫోన్‌తో బార్‌కోడ్లు చదివి కొనుక్కుపోయే వ్యాపారి ఒకతను వారానికోసారి వచ్చేవాడు. అరలన్నీ వరసగా ఫోన్ చూపిస్తూ నడిచేవాడు, తెర మీద లాభం కనిపించినవి తీసుకునేవాడు. నాకు అతని మీద కోపం లేదు, డబ్బు రొక్కం ఇచ్చేవాడు. కానీ పుస్తకాన్ని గుర్తించే అంకె ఐఎస్‌బీఎన్ అంతర్జాతీయ ప్రమాణం అయిందే 1970లో. అంతకుముందు పుస్తకాలకు ఆ అంకె లేదు, బార్‌కోడూ లేదు. పిట్టల పుస్తకం పక్కనుంచి అతను ఎన్నిసార్లు నడిచాడో. ఆ యంత్రానికి కనిపించని పుస్తకాలే చిన్న దుకాణానికి మిగిలిన సొంత పొలం. ఆ రోజు నుంచి 1970కి ముందు పుస్తకాలకు ఆవిడ విడిగా ఒక అలమర కేటాయించారు. ఆ ఆలోచన నాది కాదు, ఆవిడదే.

పిట్టల పుస్తకం చాలా నెలలు అమ్ముడుపోలేదు. పన్నెండు నెలల గడువుకు ఒక నెల మిగిలి ఉండగా, ఒక అమ్మాయి వంటింటి తోటల పుస్తకం కోసం వచ్చి, ఇది తెరిచి, నేల మీద కూర్చుండిపోయింది. డబ్బు చాలలేదు, రెండు విడతల్లో ఇస్తానంది. ఆవిడ సరేనన్నారు. రెండో విడత పన్నెండో నెల దాటాక వచ్చింది. నా పద్దులో అది ఏ గడిలో రాయాలో తెలియక మార్జిన్‌లో రాశాను.

దెబ్బతిన్న చోట్లు

ఆన్‌లైన్ అమ్మకం. నా పట్టుదల మీద నాలుగు వందల పుస్తకాలకు ఫోటోలు తీసి, వివరాలు రాసి పెట్టాం. మూడు నెలలు పోయింది. ఒక్కో పుస్తకానికి పావుగంట పని, ప్యాకింగ్ ఇంకో పావుగంట. సాధారణ పుస్తకాలకు ధరలు యంత్రాలే ఒకదానికంటే ఒకటి తగ్గించుకుంటూ పోతాయి, మన శ్రమకు ఏమీ మిగలదు. 'గుడ్' అన్నారు కానీ ఇది మంచిగా లేదని తొమ్మిది పుస్తకాలు వెనక్కి వచ్చాయి. మా మాట వాళ్ల చెవికి వేరేగా వినిపించింది, తప్పు మాదే. ఆ తర్వాత 'గుడ్' రాయడం మానేసి "అట్ట మూల నలిగింది, 40వ పేజీలో మరక ఉంది" అని ఉన్నదున్నట్టు రాశాం. దొరకడం కష్టమైన నలభై పుస్తకాలు ఉంచి, మిగతా జాబితా అంతా తీసేశాం.

రెండోది నా అశ్రద్ధ. బయటి నుంచి వచ్చిన ప్రతి పెట్టెనూ పాలిథీన్ కవర్లో గాలి చొరబడకుండా మూసి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచి, తీశాక కవరు విప్పకుండానే మామూలు వేడికి రానివ్వాలి. పురుగు, గుడ్లు రెండూ పోతాయి. ఒక శనివారం రద్దీలో ఒక పెట్టె నేరుగా అరలోకి వెళ్లిపోయింది. పెట్టింది నేనే. వెండిపురుగులు బైండింగ్‌లోని పిండి జిగురు కోసం వస్తాయి. ఐదు వారాల తర్వాత ఒక అరలో అట్టల పైపొర గీరినట్టు లేచిపోయి కనిపించింది. 34 పుస్తకాలు పోయాయి. వాటిలో ఆయన కొన్నవి ఆరు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే తేలిగ్గా ఉండేది.

మూడోది, కదలని సరుకును వదిలించుకోవడంలో ఆలస్యం. మొదటి నెలలోనే కాగితం కింద పంపాల్సిన రెండు వేల పుస్తకాలను "ఎవరైనా తీసుకుంటారేమో" అని ఐదు నెలలు ఉంచాం. పుస్తకాన్ని తూకానికి వేయడం ఈ వృత్తిలో నాకు ఇప్పటికీ చేతగాని పని. కానీ ఆ చెత్త మధ్య మంచి పుస్తకం ఎవరికీ కనబడదు. అవి వెళ్లిపోయిన నెలలోనే పాత పుస్తకాల అమ్మకం ఒక్కసారిగా పెరిగింది, కొత్తగా ఏమీ కొనకుండానే.

పద్నాలుగో నెల చివరికి

దుకాణం నిలబడింది, సగం చోటులో. అద్దె భరించలేక ముందు గది వదిలేశాం. అందులో ఇప్పుడు ఫోన్లు బాగుచేసే షాపు ఉంది. మిగిలిన గదిలో 2,300 పుస్తకాలు, వాటిలో కొత్తవి 380. పదో నెల నుంచి ఖర్చులు పోను కొంత మిగులుతోంది. ఒక మనిషి సాదాగా బతకడానికి సరిపోతుంది, ఇద్దరికి చాలదు. అందుకే నేను వెళ్లడం మానేశాను. పెద్ద గెలుపుగా దీన్ని చెప్పలేను. కొత్త పుస్తకాలు నమ్ముకున్న స్వతంత్ర దుకాణంగా అది ముగిసిపోయింది. ఆ ముగింపు నాకు బాధగానే ఉంది. కొత్త రచయిత మొదటి పుస్తకాన్ని అద్దాల్లో పెట్టి, వచ్చినవాళ్లందరికీ చెప్పి అమ్మే చోటు ఆ వీధిలో ఇప్పుడు లేదు. పాత పుస్తకాల దుకాణానికి ఆ పని సాధ్యం కాదు.

కిందటి నెల ఊరికే చూద్దామని వెళ్లాను. ఎవరో రెండు పెట్టెలు తెచ్చారు. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని, మొదటి పుస్తకం వెన్ను పైనుంచి లోపలికి తొంగి చూశారు, తెరిచి వాసన చూశారు, పక్కన పెట్టారు. రెండోది వద్దన్నారు. మూడోది వద్దన్నారు, ఎందుకో చెప్పారు. నావైపు తిరగనైనా తిరగలేదు.

వచ్చే ఏడాది మొదట్లో అద్దె ఒప్పందం మళ్లీ మాట్లాడుకోవాలి. కిందటిసారి లెక్కలేవీ చేతిలో లేకుండా వెళ్లి కూర్చున్నాం. ఈసారి ఆవిడ దగ్గర నెలవారీ కొనుగోలు పద్దు ఉంది, పెన్సిల్‌తో రాసినది.